హాస్టల్ నుంచి పారిపోయిన కుర్రాడు కోచ్ అయిన కథ

మిత్రులారా, ఈసారి గోడ పత్రికకి ఒక ఆటల మనిషి జీవితం రాయమన్నారు. క్రికెట్ వాళ్ళ గురించి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నేను అమెరికాలో ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసిన జిమ్ థోర్ప్ గురించి రాస్తున్నాను. ఆయన పోయి డెబ్భై ఏళ్ళు దాటింది. ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చాడని కొందరికి తెలిసే ఉంటుంది, కాని కోచ్ పని గురించి ఎవరూ చెప్పరు. ఆయన మనలాగే ఆదివాసి, మనలాగే హాస్టల్లో పెరిగినవాడు. అందుకే ఎంచుకున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. లేకపోతే మీరు మన ఫుట్‌బాల్ అనుకుంటారు. వాళ్ళ బంతి గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా మొన తేలి పొడుగ్గా ఉంటుంది. జట్టుకి పదకొండు మంది. బంతిని చంకలో ఇరికించుకొని అవతలి గీత దాకా పరుగెత్తాలి. ఎదుటివాళ్ళు కబడ్డీలో పట్టినట్టు పట్టి కింద పడేస్తారు. కాలితో తన్ని రెండు గుంజల మధ్య నుంచి పంపినా పాయింట్లు వస్తాయి. ఎవరు ఎటు పరుగెత్తాలో, ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో ముందే అనుకొని ఆడతారు. ఆ ఆలోచన అంతా కోచ్‌ది.

జిమ్ థోర్ప్ 1887లో పుట్టాడని ఎక్కువమంది అంటారు. ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో ప్రేగ్ అనే ఊరి దగ్గర. వాళ్ళది సాక్ అండ్ ఫాక్స్ తెగ. తల్లిదండ్రులు పెట్టిన తెగ పేరు వా-థో-హక్, అంటే వెలుగు పడిన దారి అని అర్థం. ఆయనకి చార్లీ అనే కవల సోదరుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకే బడిలో ఉన్నారు. తొమ్మిదేళ్ళప్పుడు చార్లీ జబ్బుచేసి చనిపోయాడు. అప్పటి నుంచి జిమ్‌కి బడి అంటే పడలేదు. ఎన్నిసార్లు దించి వచ్చినా పారిపోయి ఇంటికి వచ్చేవాడు. కొట్టి మళ్ళీ పంపేవారు, మళ్ళీ వచ్చేవాడు. (వార్డెన్ గారూ, నేను ఎవరికీ ఉపాయం చెప్పడం లేదు, జరిగింది రాస్తున్నాను.) చివరికి ఇంకా దూరం పంపితే రాలేడని 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడికి పంపారు. తల్లి అప్పటికే లేదు. అక్కడికి వెళ్ళిన కొన్నాళ్ళకే తండ్రి కూడా పోయాడు. ఇక పారిపోయినా వెళ్ళడానికి ఇల్లు లేదు.

కార్లైల్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఆ బడిని 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైన్యాధికారి పాత సైనికుల బారకాసుల్లో పెట్టాడు. ఆదివాసి పిల్లలలో ఆదివాసితనం లేకుండా చేయడమే దాని పని అని ఆయన దాచకుండా చెప్పేవాడు. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు. పేర్లు మార్చేవారు. యూనిఫాం వేయించి కవాతు చేయించేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. మనలో కొందరు కువి మాట్లాడతాం, కొందరు ఆదివాసి ఒడియా. రాత్రి లైట్లు ఆపేశాక మన భాషలో ఎంతసేపు గుసగుసలాడినా మాట్లాడినందుకు తిడతారు గానీ భాషకి తిట్టరు. అక్కడ భాషకే దెబ్బలు. ఆ బడి శ్మశానంలో 180కి పైగా పిల్లల సమాధులు ఉండేవి. 1918లో దాన్ని మూసేశారు.

అదే బడిలో ఆయనకి ఆట దొరికింది. రెండూ నిజమే, నేను ఒకటి రాసి ఒకటి వదిలేయలేను. 1907లో ఒకరోజు కొందరు కుర్రాళ్ళు ఎత్తు దూకుతూ దూకలేక మానేశారట. కర్ర అయిదడుగుల తొమ్మిది అంగుళాల మీద ఉంది. పక్కన పనిబట్టల్లో పోతున్న జిమ్ వచ్చి ఒక్క దూకులో దాటేసి తన దారిన పోయాడట. ఆ సంగతి పాప్ వార్నర్ అనే కోచ్ చెవిన పడి పిలిపించాడు. వార్నర్ కొత్త కొత్త ఎత్తులు కనిపెట్టడంలో పేరు పొందినవాడు. కోచ్ అంటే ఏమిటో థోర్ప్ మొదట చూసింది ఈయన దగ్గరే. 1911లో కార్లైల్ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని 18–15తో ఓడించింది. 1912లో సైనిక కళాశాల జట్టుని 27–6తో ఓడించింది. ఆ ఓడిన జట్టులో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా ఆడాడు.

1912లోనే స్టాక్‌హోం ఒలింపిక్స్. పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు. మరుసటి ఏడాది రెండూ లాగేసుకున్నారు. 1909, 1910 వేసవుల్లో ఆయన చిన్న ఊళ్ళ జట్లలో కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడు. డబ్బు తీసుకున్నవాడు ఒలింపిక్స్‌లో ఆడకూడదని అప్పటి నియమం. ఇంకా చాలామంది కాలేజీ కుర్రాళ్ళు అలాగే ఆడేవారు, కాని దొంగ పేర్లతో. ఈయన సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోగా చెప్పాలన్నది కూడా నియమమే. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కోచ్ పని. పతకాలు పోయాక ఎలాగూ డబ్బుకి ఆడేవాడని ముద్ర పడింది కదా, ఇక డబ్బుకే ఆడాడు. 1913 నుంచి వేసవిలో బేస్‌బాల్. 1915లో ఇండియానా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకి సహాయ కోచ్‌గా చేరాడు. అదే ఏడాది ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ బుల్‌డాగ్స్ వాళ్ళు ఆటకి 250 డాలర్లు ఇస్తామని పిలిచారు. అప్పుడు అది చాలా పెద్ద డబ్బు. కాంటన్‌కీ పక్క ఊరు మాసిలన్‌కీ పాత పగ. మొదటి ఆటలో కాంటన్ 16–0తో ఓడిపోయింది. రెండో ఆటలో 6–0తో గెలిచింది, ఆ ఆరు పాయింట్లూ థోర్ప్ తన్నినవే. జట్టుని నడిపే పని కూడా ఆయనకే వచ్చింది. ఆ రోజుల్లో కోచ్ అంటే గీత బయట నిలబడి చేతులూపేవాడు కాదు. తను కూడా దిగి దెబ్బలు తినేవాడు. 1916, 1917, 1919 సంవత్సరాల్లో కాంటనే అందరికంటే మేటి జట్టు అనిపించుకుంది.

1920 సెప్టెంబరు 17న కాంటన్‌లో ఒక కార్ల దుకాణంలో జట్ల యజమానులు కలిశారు. కుర్చీలు చాలక కార్ల పక్క మెట్ల మీద కూర్చున్నారట. అక్కడే ఒక సంఘం పెట్టుకొని థోర్ప్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఇప్పుడు ఎన్.ఎఫ్.ఎల్. అని 32 జట్లతో ఉన్నది అదే. దానికి మొట్టమొదటి అధ్యక్షుడు హాస్టల్ నుంచి పారిపోయిన మన ఆదివాసి కుర్రాడు. అయితే నిజం చెప్పాలంటే ఆయన పేరు కోసమే పెట్టారు. ఏడాది తిరక్కుండానే 1921 ఏప్రిల్‌లో జో కార్ అనే వేరే ఆయన వచ్చాడు.

1921లో క్లీవ్‌లాండ్ జట్టుకి కోచ్. 1922లో వచ్చిన పనే నాకు ఎక్కువ మనసులో ఉండిపోయింది. లా రూ అనే పల్లెటూళ్ళో వాల్టర్ లింగో అనే ఆసామి ఎయిర్‌డేల్ జాతి కుక్కల్ని పెంచి అమ్మేవాడు. కుక్కల వ్యాపారానికి ప్రచారం కావాలని ఫుట్‌బాల్ జట్టు కొన్నాడు. సంఘంలో చేరడానికి 100 డాలర్లు, ఆయన దగ్గర ఒక కుక్క ఖరీదు 150 డాలర్లు. ఊరూంగ్ ఇండియన్స్ అని కుక్కల పేరే జట్టుకి పెట్టాడు. కోచ్ థోర్ప్. ఆటగాళ్ళందరూ ఆదివాసులే కావాలి. థోర్ప్ తన కార్లైల్ పాత మిత్రులు జో గయాన్, పీట్ కాలాక్ లాంటివాళ్ళని పిలుచుకున్నాడు. అన్ని తెగల వాళ్ళూ ఒకే జట్టు, కోచ్ కూడా వాళ్ళవాడే. చదువుతూ నాకు ఎంత సంతోషం వేసిందో.

కాని ఆట సగంలో విశ్రాంతి సమయం ఉంటుంది. మిగతా జట్లు ఆ వేళ నీళ్ళు తాగి, కోచ్ చెప్పింది విని మళ్ళీ దిగేవి. వీళ్ళు మాత్రం ఈకలు పెట్టుకొని నాట్యం చేయాలి, కత్తులు విసరాలి, కుక్కల చేత విద్యలు చేయించాలి. మధ్య రోజుల్లో కుక్కల పని చూడాలి. ఊళ్ళో ఆడడానికి మైదానం లేక ఎక్కువగా వేరే ఊళ్ళకి తిరిగేవారు. మొదటి ఏడాది 9 ఆటల్లో 3 గెలిచారు. రెండో ఏడాది 11 ఆటల్లో ఒక్కటే. 1923తో లింగో జట్టుని ఎత్తేశాడు.

థోర్ప్ మంచి కోచ్ కాడు, కుర్రాళ్ళని అదుపులో పెట్టలేదు, అందరూ రాత్రిళ్ళు తాగేవారు అని రాసినవాళ్ళు ఉన్నారు. తాగుడు మాట అబద్ధం కాదు, ఆయన జీవితాన్ని అది చాలా పాడుచేసింది. కాని సగం ఆటలో మాట్లాడుకోవలసిన కోచ్‌ని నాట్యానికి పంపితే ఏ జట్టు గెలుస్తుంది? మన దగ్గరికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మనం థింసా ఆడతాం. థింసా మనది, నాకు ఇష్టమే. కాని వచ్చినవాళ్ళలో ఒక్కరైనా మన కబడ్డీ జట్టు జోన్‌లో ఎన్ని గెలిచిందో అడిగారా? ఆ లెక్క నా దగ్గర ఉంది, ఎవరైనా అడిగితే చెబుతాను.

ఆ తర్వాత ఆయనకి ఆ సంఘంలో మళ్ళీ కోచ్ పని రాలేదు. ఆటగాడిగా జట్టు నుంచి జట్టుకి తిరిగి 1928లో నలభై దాటాక ఆపేశాడు. సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. లాస్ ఏంజిల్స్‌లో గోతులు తవ్వే కూలి కూడా చేశాడు. 1932లో అదే ఊళ్ళో ఒలింపిక్స్ జరిగితే టికెట్టుకి డబ్బు లేకపోయింది. ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్, ఆయనలోనూ ఆదివాసి రక్తం ఉంది, పిలిచి తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. 1950లో పత్రికల వాళ్ళు ఓట్లు వేసి అర్ధ శతాబ్దపు అందరికంటే గొప్ప క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు. 1953 మార్చి 28న గుండెపోటుతో చనిపోయాడు.

1963లో కాంటన్‌లో ఫుట్‌బాల్ మహనీయుల భవనం తెరిచినప్పుడు మొదటి వరుసలోనే ఆయన పేరు పెట్టారు. పతకాలు తిరిగి ఇస్తామని 1982లో ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆయన పిల్లల చేతికి వచ్చినవి కొత్తగా చేయించిన నకళ్ళు. ఆ రెండు పోటీల్లోనూ గెలిచినవాడు ఆయన ఒక్కడే అని రికార్డుల్లో రాసింది 2022లో.

ఓక్లహోమాలో తెగ వాళ్ళు అంత్యక్రియలు చేస్తుండగా మధ్యలో మూడో భార్య శవాన్ని తీసుకుపోయింది. తన పేరు ఊరికి పెట్టుకుంటామన్న వాళ్ళకి ఇచ్చింది. ఆయన ఎన్నడూ చూడని ఆ ఊరి పేరు ఇప్పుడు జిమ్ థోర్ప్. మన మట్టిలో పెట్టుకుంటాం ఇవ్వండి అని కొడుకులు కోర్టుకి వెళ్ళారు. 2015లో సుప్రీం కోర్టు ఆ కేసు తీసుకోలేదు. కార్లైల్ శ్మశానంలోని పిల్లల్ని 2017 నుంచి కొద్దికొద్దిగా వాళ్ళ తెగలకి అప్పగిస్తున్నారు. థోర్ప్ మాత్రం అక్కడే ఉన్నాడు. ఆ ఊరు కూడా పెన్సిల్వేనియాలోనే.