భయము వీడిన భక్తి : బసవేశ్వరుని జీవితము

చిన్ననాట దైవము మనకు ఏ రూపమున పరిచయమగునో, పెద్దయిన పిమ్మటను ఆ రూపమే మనస్సున నిలిచియుండును. తప్పు చేసినచో స్వామి కన్నులు పొడుచునని, మ్రొక్కు చెల్లింపకున్న ఇంటికి కీడు మూడునని వినుచు పెరిగిన బిడ్డ, ఎంత చదువు చదివినను, కష్టము వచ్చిననాడు శివుని కరుణను తలంపడు. తానేమి అపచారము చేసితినోయని వడకిపోవును. ఇట్టి భయమునుండి భక్తిని వేరుచేసి చూపిన మహనీయుడు బసవేశ్వరుడు. ఆయన చరిత్ర మనకందరకును తెలిసినదే. అయినను ఈ దృష్టితో ఒకమారు స్మరించుకొనుట మన ఇండ్లకు మేలు.

క్రీ.శ. 12వ శతాబ్దపు పూర్వార్ధమున, నేటి కర్ణాటక రాష్ట్రమునందలి విజయపుర మండలపు బాగేవాడి ప్రాంతమున, మాదిరాజు, మాదాంబ అను శైవ బ్రాహ్మణ దంపతులకు బసవన జన్మించెను. ఆ కాలపు ఆచారవంతుల ఇండ్లలో బిడ్డకు మాటలు వచ్చినది మొదలు నిషేధములే పాఠములు. పురిటి మైల, చావు మైల, ముట్టు మైల, ఎంగిలి మైల, అన్నింటిని మించి కులపు మైల. తాకరానివి, తినరానివి, చూడరానివి ఎన్నియో. ఒక్కటి తప్పినను ప్రాయశ్చిత్తము చేసికొనవలెను. పుణ్యమునకు కర్మకాండయు, పాపమునకు నరకమును హద్దులుగా నున్న ఆ జీవనములో దేవుడు మిక్కిలి దూరమున నుండెడివాడు. ఆయనను చేరుటకు నడుమ ఎందరో మధ్యవర్తులు.

ఆ బాలుడు ఈ కట్టుబాట్లను ఎట్లు వీడెనను విషయమున మన కవులు రెండు విధములుగా చెప్పియున్నారు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున, ఉపనయన వయస్సు వచ్చినంతనే బాలుడు తండ్రితో వాదించి, శివభక్తునకు వేరొక సంస్కారము అక్కరలేదని నిరాకరించెనని వర్ణించెను. కన్నడ కవి హరిహరుడు చెప్పిన కథ వేరు. అందు బసవన చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయి అవ్వ చేతిలో పెరిగెను. ఆయనకు ఉపనయనమును జరిగెను. కొన్నియేండ్లు ఆ యజ్ఞోపవీతమును ధరించి, యౌవనము వచ్చిన పిమ్మట బాగుగా విచారించి, కర్మబంధముగా తోచిన దానిని తీసివైచి ఇల్లు విడిచెను.

ఈ రెండింటిలో ఏది జరిగినదని వాదించుట మన పని గాదు. రెండును మనకు పాఠములే. ఒకటి బాలుని సహజమైన నిర్భయత్వము. రెండవది, భయము మధ్య పెరిగినవాడు పెద్దవాడై, తాను మోయుచున్నదేమియని తన్ను తానే ప్రశ్నించుకొనుట. మనలో పెక్కుమందికి ఈ రెండవ మార్గమే దగ్గర.

ఇల్లు విడిచిన బసవన కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమునకు చేరెను. అచట సంగమేశ్వరుని సేవలో ఆయనకు దేవుడు కొత్తగా పరిచయమయ్యెను. బిజ్జలుని మంగళవాడకు పొమ్మని సంగమనాథుడు కలలో ఆనతిచ్చినప్పుడు బసవన దుఃఖించెనని హరిహరుడు వ్రాసెను. ఆ దుఃఖము తల్లిని విడిచిపోవు బిడ్డ దుఃఖము. ఆజ్ఞ మీరిన శిక్షించునను భయము అందు లేదు. ఆయన జీవితమున వచ్చిన మార్పు అంతయు ఈ ఒక్క కన్నీటియందే కలదు.

కలచురి బిజ్జలుని కొలువున చేరి, భండారి పదవికి ఎదిగి, కల్యాణమున నివసించుచు బసవన తాను పొందిన దానిని లోకమునకు పంచెను. అందుకు ఆయన అవలంబించిన సాధనము ఇష్టలింగము. ఇష్టలింగము అరచేతిలో నుండును, ఎదపై నుండును. దేవుడు అంత దగ్గరకు వచ్చిన పిదప మధ్యవర్తికి చోటెక్కడ? మైలకు తావెక్కడ? పంచసూతకములను తోసిపుచ్చుటలోని అంతరార్థము ఇదియే. అల్లమప్రభువు శూన్యసింహాసనమున నున్న అనుభవమండపమున పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, డోహర కక్కయ్య, స్త్రీలైన సత్యక్క, ముక్తాయక్క మున్నగువారు తమ అనుభవమును తాము నోరు విప్పి చెప్పిరి. భయముతో పెరిగిన మనిషికి మొదట పోవునది నోటి మాట. దానిని తిరిగి ఇచ్చినది ఆ మండపము.

కుండను, చేటను, దువ్వెనను, రాతిని చూచి బెదరి మ్రొక్కు జనులను బసవన తన వచనములలో పరిహసించెను. పరిహాసము వెనుక జాలియే కలదు. ధర్మమునకు మూలము దయయని ఆయన బోధించెను. అట్లని బసవన ఏ భయమును ఎరుగడనుట సరిగాదు. ఆయన వచనములు చదివినవారికి తెలియును. ఆయన తన మనస్సునకు భయపడెను. తనలోని కపటమునకు, డంబమునకు, ఉత్తమ కులమున పుట్టితినను గర్వమునకు భయపడెను. శివునకు మాత్రము భయపడలేదు. తన లోపములన్నియు ఆయన ముందే దాచక చెప్పుకొనెను.

13వ శతాబ్దమున సోమనాథుడు ద్విపదలో పాడిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడించెను. అందలి ముగ్ధభక్తుల కథలు ఈ దృష్టితో చదువదగినవి. శివునకు తల్లి లేదని విని బెజ్జమహాదేవి తానే తల్లియై ఆయనకు నూనె అంటి, నీళ్లు పోసి, అన్నము పెట్టెను. శివుడు విషము మ్రింగెనని పురాణమున విన్న రుద్రపశుపతి, ఆయనకేమగునోయని తల్లడిల్లి నీట దిగి, విషము గ్రక్కినగాని తాను బ్రతుకనని పట్టుబట్టెను. గొడగూచి అను చిన్నది శివుడు పాలు త్రాగలేదని, ఇంట దండింతురని ఏడ్చెను. శివుడు పాలు త్రాగెను. పిమ్మట ఆమె మాట నమ్మక తండ్రి కొట్టబోగా, ఆ బిడ్డ శివునినే శరణు చొచ్చెను. భయము తండ్రివలన కలిగినది. శరణు దేవునియందు దొరకినది. ఇచట దేవునికి భయపడిన భక్తులు లేరు, దేవుని కొరకు భయపడిన భక్తులు కలరు.

అదే పురాణమున శివనిందకులను దండించు కఠినమైన కథలును ఉన్నవన్న మాట దాచవలసిన పని లేదు. రెండు విధముల కథలలో మన బిడ్డలకు ఏవి ముందు చెప్పుచున్నామనునదే ప్రశ్న.

చివరకు బసవని జీవితమునకు కఠిన పరీక్ష వచ్చినది. చెప్పులు కుట్టు కాయకము చేయు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము జరిపిరి. రాజాగ్రహమున ఆ తండ్రులిద్దరును క్రూరదండనకు గురియైరి. 1167 ప్రాంతమున కల్యాణము అల్లకల్లోలమయ్యెను, శరణులు చెదరిపోయిరి. బసవన కూడలసంగమమునకు మరలి వచ్చి అచటనే లింగైక్యము నొందెను. భయము వీడినవారికి లోకము విధించు వెల ఎంతటిదో ఆయన కన్నులార చూచెను. అయినను తన బోధను వెనుకకు తీసికొనలేదు.

ఇన్ని శతాబ్దములు గడచినవి. మన ఇండ్లను ఒకమారు చూచుకొందము. లింగము చేజారినదని బిడ్డను బెదరించు తల్లి, పూజ తప్పినదని రోగమునకు కారణము చెప్పు పెద్ద, శాపమని పేరు పెట్టి కానుక అడుగు గురువు నేటికిని మన నడుమ లేరా? బసవన వీడి వచ్చిన భయమును ఆయన పేరుతోనే మనము మరల ఇంటికి తెచ్చుకొనుచున్నామేమో ఆలోచింపవలెను. చిన్ననాటి ఆ బెదురును ఇంకను మోయుచున్న పెద్దలకును ఆయన జీవితమే ఊరట. ఆ భారము దించుట శివద్రోహము గాదు. దించిన చేతికే లింగము అందును.

ఈ సంధ్యవేళ దీపము పెట్టి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొన్నప్పుడు గొడగూచి కథ చెప్పుడు. లింగమును ఆ చిన్ని అరచేతిలో నుంచుడు. జారినచో నవ్వి, తీసి, మరల నుంచుడు.