హరిశ్చంద్రుణ్ణి మనకిచ్చిన బలిజేపల్లి వారు

ఈసారి మన సంఘ వార్షికోత్సవంలో ‘సత్య హరిశ్చంద్రీయం’ నుంచి వారణాసి సీను, కాటి సీను వేయాలని కార్యవర్గం నిర్ణయించిన సంగతి సభ్యులందరికీ తెలిసిందే. ఆహ్వాన పత్రిక చిత్తుప్రతి సరిచూడమని నాకు పంపించారు. హరిశ్చంద్రుడు ఎవరో, చంద్రమతి ఎవరో, హార్మోనియం ఎవరో అందులో ఉన్నాయి. మైకు సెట్టు, షామియానా వారి పేర్లు కూడా ఉన్నాయి. నాటకం రాసినాయన పేరు మాత్రం లేదు. కార్యదర్శి గారిని అడిగితే, పాత నాటకమే కదండీ, అందరికీ తెలిసినదే కదా అన్నారు. నాటకం అందరికీ తెలుసు, నిజమే. రాసినాయన ఎందరికి తెలుసు? అందుకని ఈ ప్రత్యేక సంచికలో నాకు కేటాయించిన పేజీలను పింఛను లెక్కలకు కాక ఆయనకు ఇస్తున్నాను. డి.ఎ. బకాయిల సంగతి వచ్చే సంచికలో చూసుకుందాం.

శ్రీ బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1881 డిసెంబరు 23న బాపట్ల ప్రాంతంలోని ఇటికంపాడులో జన్మించారు. తల్లిదండ్రులు ఆదిలక్ష్మమ్మ, నరసింహశాస్త్రి గార్లు. భారత భాగవత రామాయణాలు మేనమామ గారి దగ్గర చదువుకున్నారు. కర్నూలులో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. ఆ తరువాత ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో తెలిసిన నాడు నేను కుర్చీలోంచి లేచి మా ఇంటావిడను పిలిచి చెప్పాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా!

నేను 1972లో చేరి 2008లో రిటైరయ్యేదాకా చేసింది ఆ శాఖలోనే. కంప్యూటర్లు మా శాఖలోకి 1998లో వచ్చాయి. అంతకుముందు ప్రతి దస్తావేజూ అక్షరం పొల్లుపోకుండా వాల్యూముల్లోకి చేత్తో ఎక్కించాల్సిందే. కొట్టివేత పడితే పక్కన పొట్టి సంతకం. తూర్పు హద్దు, పడమర హద్దు, పుచ్చుకున్న సొమ్ము, గడువు, సాక్షులు. ఇరవై ఏళ్లు ఇవే మాటలు రాస్తే చెయ్యి దానంతటదే నడుస్తుంది. బలిజేపల్లి వారు ఆ బల్ల ముందు ఎక్కువకాలం కూర్చోలేదు. కానీ హరిశ్చంద్రీయం చూసినప్పుడల్లా నాకు ఒక ఊహ వస్తుంది. ఇది నా ఊహే సుమా, పండితులు ఒప్పుకోనక్కరలేదు. ఆ కథంతా దస్తావేజులే. రాజ్యం దానం, యాగానికి ఇస్తానన్న సొమ్ము బాకీ, దానికో గడువు, గడువులోగా తీర్చడానికి కాశీలో ఆలి అమ్మకం, ఆపైన తన్ను తాను అమ్ముకోవడం. అన్నీ నోటిమాట మీదే. ఒక్క కాగితం లేదు, స్టాంపు లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషను కావాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. విశ్వామిత్రుడు ఆ దానం పట్టుకుని మా ఆఫీసుకి వస్తే చెల్లదని తిప్పి పంపేవాళ్లం. చెల్లదని తెలిసిన వాడు తప్పించుకుంటాడు. హరిశ్చంద్రుడు అన్న మాటకు కట్టుబడ్డాడు. రాజ్యమేలినవాడు చివరికి కాటికాపరి అయ్యాడు.

ఈ కథ తెలుగువారికి కొత్తది కాదు. గౌరన ద్విపదలో చెప్పాడు, తరువాత వీరేశలింగం పంతులు గారు నాటకం రాశారు. అయినా జనం నోట నిలిచింది బలిజేపల్లి వారిదే. గుమాస్తా ఉద్యోగం వదిలి ఆయన గుంటూరు హిందూ కళాశాల ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. అవధానాలు చేశారు. గుంటూరులో చంద్రికా ముద్రణాలయం పెట్టారు. పుంభావ సరస్వతి అని బిరుదు పొందారు. స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైలుకు వెళ్లారు. ఆ ఉద్యమాన్ని నడిపించిన గాంధీ గారు చిన్నతనంలో రాజకోటలో ఒక నాటక కంపెనీ వారి హరిశ్చంద్ర చూసి, ఎన్నిసార్లు చూసినా తనివి తీరక మనసులోనే ఆ పాత్ర వేసుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన వెంట జైలుకు వెళ్లిన బలిజేపల్లి వారు తెలుగువారికి తమ హరిశ్చంద్రుణ్ణి ఇవ్వడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

1926లో గుంటూరులోనే ఫస్ట్ కంపెనీ అనే నాటక సమాజం స్థాపించారు. ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. సమాజం ఆయనది, నాటకం ఆయనది. తనకు ఏ వేషం కావాలంటే ఆ వేషం వేసుకోవచ్చు. ఆయన వేసింది నక్షత్రకుడు! బాకీ వసూలుకు రాజు వెంటపడి అడుగడుగునా సాధించే వేషం. జనం నవ్వుతారు, తిడతారు, పద్యం అయిపోగానే మళ్లీ హరిశ్చంద్రుడి వైపే చూస్తారు. కానీ ఆ వేషం సరిగా పడకపోతే వారణాసి సీను లేదు. అడిగేవాడు గట్టిగా అడిగితేనే కదా, ఇచ్చేవాడి ఓర్పు ఎంతో తెలిసేది.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. 1976లో మా ఉద్యోగ మిత్రులు కొందరు కలిసి ఈ నాటకం వేసినప్పుడు నక్షత్రకుడి వేషం నాకు పడింది. అప్పటికి ఏడాది కిందట నాన్నగారి వైద్యానికి మా హెడ్ గుమాస్తా గారి దగ్గర మూడు వందలు చేబదులు తీసుకున్నాను. కాగితం లేదు. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. అడగలేదు కనుక అవసరం లేదేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాటకం నాడు ఆయన ముందు వరుసలో కూర్చున్నారు. బాకీ కక్కమని నేను రాజు మీద విరుచుకుపడుతున్నాను, జనం ఈలలు వేస్తున్నారు, ఆయన మాత్రం నవ్వుతూ నా వైపే చూస్తున్నారు. ఆ నవ్వులో ఏమీ లేదని తరువాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం నాకు పద్యం సగంలో ఆగిపోయింది. హార్మోనియం ఆయన గమనించి రెండు చుట్లు ఊరికే వాయించి నన్ను గట్టెక్కించాడు. మూడు నెలల్లో ఆ బాకీ తీర్చాను. తీసుకుంటూ, నీ నక్షత్రకుడు చాలా బాగుందోయ్ అన్నారు.

పల్లెల్లో ఈ నాటకం ఎలా ఆడేవారో మన వయసు వారికి చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతున్నాను. రాత్రి పది దాటాక మొదలై తెల్లవారేదాకా సాగేది. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు, మొదటి సీను ఒకరు, వారణాసి ఒకరు, కాటి సీను ఇంకొకరు. ఒక్క పద్యానికి పావుగంట రాగం. వన్స్ మోర్ అంటే చచ్చిపడిన లోహితాస్యుడు మళ్లీ ఒకసారి చచ్చినట్టు పడి ఉండాల్సిందే. డి.వి. సుబ్బారావు గారి గొంతు రికార్డుల మీద ఊరూరా వినిపించేది, సంతల్లో, పెళ్లిళ్లలో కూడా. పెళ్లింట్లో కాటి సీను ఏమిటని అడిగినవారు లేరు. ఇన్ని గొంతుల మధ్య రాసినాయన పేరు మరుగున పడిపోయింది.

ఇంకొక పేరు కూడా అలాగే మరుగున పడింది. కాటి సీనులో మనం పాడుకునే పద్యాలన్నీ బలిజేపల్లి వారివి కావు. జాషువా గారి ‘శ్మశానవాటి’ పద్యాలను నటులు తెచ్చి అందులో కలిపారు. చూసేవారికి అతుకు కనబడదు. అంటరానితనం బాధను బతుకంతా అనుభవించిన కవి పద్యాలను, కాటికాపరిగా మారిన చక్రవర్తి నోట లక్షల మంది విన్నారు. చావు ముందు చిన్నా పెద్దా లేదని చెప్పే ఆ పద్యాలు ఆ చోటుకే పుట్టాయా అన్నట్టు అమరాయి. వాటిని తీసేసి అసలు ప్రతి ప్రకారమే ఆడాలని ఒక సభ్యులు పట్టుబట్టారు. నాకు అది సమ్మతం కాదు. ఉంచుదాం, కానీ ఎవరివో మైకులో చెబుదాం.

బలిజేపల్లి వారు తరువాత చిత్తజల్లు పుల్లయ్య గారి ప్రోత్సాహంతో సినిమాల్లోకి వెళ్లారు. 1939లో వచ్చిన ‘వరవిక్రయం’లో పురుషోత్తమరావు వేషం వేసినది ఆయనే. కూతురి పెళ్లికి కట్నం కోసం పొలం అమ్ముకునే తండ్రి. భానుమతి గారికి అదే మొదటి సినిమా. తరువాత మద్రాసులో మరికొన్ని చిత్రాలకు రచన చేశారు. అదంతా సినిమా వాళ్లు రాయవలసిన చరిత్ర. చివరి రోజుల్లో మద్రాసు వదిలి శ్రీకాళహస్తి చేరి, 1953 జూన్ 30న అక్కడే పరమపదించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా మూడు నెలలు ఉంది.

టి.వి.లు వచ్చాక పద్యనాటకం పని అయిపోయిందని అందరం అనుకున్నాం. 1998లో నంది నాటకోత్సవాలు మొదలై పద్యనాటకాలకూ బహుమతులు ఇవ్వడంతో మూలపడిన కిరీటాలు మళ్లీ బయటికి వచ్చాయి. ఇప్పుడు మనవాళ్లు పూనుకోవడం సంతోషం. మన హరిశ్చంద్రుడికి డెబ్బై ఒకటి, మోకాళ్ల నొప్పులు. కాటి సీనులో కింద కూర్చుంటే లేవలేనంటున్నారు కనుక ఒక రాతిబండ ఏర్పాటు చేస్తున్నాం. నక్షత్రకుడు మళ్లీ నన్నే వేయమన్నారు. పద్యాలు మరిచిపోలేదు గానీ ఊపిరి అందడం లేదు. రాగం తగ్గించి భావం నిలుపుదామని హార్మోనియం వారితో ఒప్పందం కుదుర్చుకున్నాను. రిహార్సళ్లు ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి మన సంఘ భవనంలోనే.

ఆహ్వాన పత్రికలో రచన అనే చోట బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పేరు, దాని కింద జాషువా గారి పేరు వేయించాను. కార్యదర్శి గారు సంతకం చేశారు, ప్రెస్సుకు వెళ్లింది. మా హెడ్ గుమాస్తా గారు ఇప్పుడు లేరు. ఆయన సతీమణి కుటుంబ పింఛనుదారు, మన సంఘ సభ్యురాలు. మొదటి పత్రిక వారింటికి నేనే తీసుకువెళ్తాను. వారికి ముందు వరుసలో కుర్చీ వేయించాలి.