డోర్నకల్ బిషప్ అజరయ్య

డోర్నకల్ అంటే మనలో చాలామందికి రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. ఆ ఊళ్ళో 1939లో ప్రతిష్ఠించిన ఒక పెద్ద చర్చి కూడా ఉంది. గుమ్మటాలు చూస్తే మసీదులా, స్తంభాలు చూస్తే గుడి మండపంలా ఉంటుంది. దాన్ని కట్టించినాయన గురించే ఈ నాలుగు మాటలు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కాదు. 1874లో తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. తండ్రి హిందూమతం నుంచి మారి ఆంగ్లికన్ పాస్టరైన మనిషి. అజరయ్య గారు మొదట వై.ఎం.సి.ఏ.లో పనిచేసి, 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చేశారు. ముప్పై దాటాక తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితమంతా గడిపారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే.

అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్లవాళ్ళ ముందే నిలబడి, మీ త్యాగాలకి కృతజ్ఞులం, కానీ మాకు కావలసింది మీ స్నేహం అన్న అర్థంలో మాట్లాడారు. 1910లో అలా అనడానికి ఎంత ధైర్యం కావాలో!

నాకు ఇంకా నచ్చింది తర్వాతి పని. డోర్నకల్ పల్లెల్లో సంఘంలో చేరినవాళ్ళు ఎక్కువగా మాలలు, మాదిగలు. కులం అప్పటికే విడదీసిన వాళ్ళని ఆంగ్లికన్, మెథడిస్టు అంటూ మళ్ళీ విడదీయడం ఏంటన్నది ఆయన బాధ. ఆ గొడవలు యూరప్‌వి, మనవి కావు. 1919లో తరంగంబాడిలో కొందరు పాస్టర్లతో కలిసి, సంఘాలన్నీ ఒకటి కావాలని ప్రకటన చేశారు.

అయితే ఎవరి పద్ధతినీ పారేయమనలేదు. ఆంగ్లికన్ల దగ్గర బిషప్పులున్నారు, పాత ఆరాధన క్రమం ఉంది. ప్రెస్బిటేరియన్లలో పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. కాంగ్రిగేషనల్ వాళ్ళలో ప్రతి స్థానిక సంఘానికీ సొంత గొంతుంది. ఇవన్నీ ఉండాలి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, బిషప్ చేయి పెట్టకుండా అభిషేకం పొందిన పాస్టర్లని ఒప్పుకోవాలా వద్దా అని. మన భాషలో చెప్పాలంటే ఇరవై ఎనిమిదేళ్ళ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్! చివరికి పాతవాళ్ళని అలాగే అంగీకరించి, ఇకమీదట బిషప్పులే అభిషేకించాలని తేల్చారు.

ఇది నాకెందుకు పట్టిందంటే, మా నాన్న వైపు లూథరన్లు, అమ్మ వైపు పెంతెకోస్తు వాళ్ళు. క్రిస్మస్‌కి ఏ చర్చికి వెళ్ళాలన్నది మా ఇంట్లో ఏటా ఒక పెద్ద చర్చే. లూథరన్ చర్చిలో తాతయ్య చెప్పిన ప్రార్థనే, అవే మాటల్లో నేనూ చెబుతాను. మనసు బాగోలేని రోజు కూడా ఆ మాటలు నన్ను మోస్తాయి. అమ్మమ్మ వాళ్ళ చర్చిలో ఎవరికైనా జ్వరమంటే అందరూ గొంతెత్తి ఆ మనిషి కోసం ప్రార్థిస్తారు. అక్కడ ఏడవడానికి సిగ్గుండదు. రెంటిలో ఏదో ఒకటే ఎంచుకో అంటే నా వల్ల కాదు.

అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం, అదే మన సి.ఎస్.ఐ., మద్రాసులో 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన చూడలేదు. మా లూథరన్లు మాత్రం అందులో చేరలేదు.