ఆగని యంత్రం – అలన్ ట్యూరింగ్

యంత్రం ఆగిపోవడం ఒక లోపం. ఆగకుండా నిష్ప్రయోజనంగా తిరుగుతూ ఉండడం అంతకంటె పెద్ద లోపం. గానుగెద్దు పొద్దంతా నడుస్తుంది. పొద్దుగూకేసరికి బయలుదేరిన చోటనే ఉంటుంది. అయినా దాని శ్రమకు నూనె ఫలితంగా దక్కుతుంది. కొన్ని ఆదేశాల నడుమ చిక్కుకొని, వాటినే మరల మరల పాటిస్తూ తిరిగే కంప్యూటరు ప్రాసెసరుకు ఆ ఫలితం కూడ దక్కదు. చూసేవారికి మాత్రం అది కఠినమైన లెక్కలో నిమగ్నమై ఉన్నదో, చిక్కుకుపోయి ఉన్నదో తెలియదు. ఎలక్ట్రానిక్ కంప్యూటరు పుట్టకముందే ఈ సమస్య లోతును కొలిచిన మేధావి అలన్ ట్యూరింగ్. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేండ్లు నిండలేదు.

అలన్ మాథిసన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. ఆనాడు ఆ ప్రెసిడెన్సీలో భాగమై, నేడు ఒడిశాలో ఉన్న గంజాం జిల్లా ఛత్రపురంలో ఆయన ఉద్యోగం చేశాడు. తల్లి ఎథెల్ సారా. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు. కుమారులను ఇంగ్లండులోనే పెంచాలని తలచిన తల్లిదండ్రులు అలన్‌ను, అతని అన్నను అక్కడ మరొక కుటుంబం సంరక్షణలో ఉంచారు. ఆ విధంగా ఆయన బాల్యం చాలవరకు కన్నవారికి దూరంగా గడిచింది.

1926లో షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన రోజున దేశమంతటా సమ్మె జరుగుతున్నది. రైళ్లు నడవలేదు. పదమూడేండ్ల అలన్ అరవై మైళ్లకు పైగా సైకిలు తొక్కి పాఠశాల చేరుకొన్నాడు. అక్కడ క్రిస్టఫర్ మోర్కమ్ అనే విద్యార్థితో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. గణితం, విజ్ఞానశాస్త్రం వారిని ఏకం చేశాయి. 1930లో మోర్కమ్ క్షయవ్యాధితో మరణించాడు. ఆ దుఃఖం అలన్ హృదయంలో చిరకాలం నిలిచిపోయింది. 1931లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో ఇరవై రెండేండ్లకే ఆ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యాడు.

కేంబ్రిడ్జిలో మాక్స్ న్యూమన్ చేసిన ఉపన్యాసాలు ఆయన దృష్టిని ఒక మౌలిక సమస్యవైపు మళ్లించాయి. ఏదైనా గణిత ప్రతిపాదన నిరూపణకు లొంగుతుందో లేదో నిశ్చయంగా తేల్చి చెప్పే పద్ధతి ఉన్నదా అనేది జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ ప్రతిపాదించిన ప్రశ్న. పద్ధతి అంటే ఏమిటో ముందుగా నిర్వచించాలని ట్యూరింగ్ భావించాడు. అందుకోసం ఒక ఊహాయంత్రాన్ని కల్పించాడు. గడులుగా విభజించిన పొడవైన పట్టీ, ఒక్కొక్క గడిని చదివి, రాసి, చెరపగల పరికరం, ఏ స్థితిలో ఏమి చేయాలో తెలిపే నియమావళి – ఇవే దాని అంగాలు. తగిన నియమావళిని అందిస్తే మరే యంత్రం చేసే పనినైనా చేయగల సార్వత్రిక యంత్రం సాధ్యమని ఆయన చూపాడు. నేటి కంప్యూటరుకు సిద్ధాంత రూపం అదే.

ఈ యంత్రాలను ఆయన రెండు తెగలుగా విభజించాడు. అంకెలను అంతులేకుండా ముద్రిస్తూ సాగేవి ఒక తెగ. కొన్ని అంకెలు ముద్రించిన పిమ్మట ఆగిపోయేవి, లేదా కదులుతున్నా కొత్త అంకెను ముద్రించలేనివి రెండవ తెగ. ఒక యంత్రం ఏ తెగకు చెందినదో ముందుగానే చెప్పగల సార్వత్రిక పద్ధతి ఉండదని 1936లో ఆయన నిరూపించాడు. ఆ నిరూపణ సారాన్ని నేడు ఈ విధంగా బోధిస్తారు. ఏ యంత్రాన్నైనా పరీక్షించి, అది సాగుతుందో చిక్కుకొంటుందో తప్పక చెప్పగల పరీక్షక యంత్రం ఉన్నదనుకొందాం. దానిని తనలో ఇముడ్చుకొని, అది చెప్పినదానికి విరుద్ధంగా నడిచే మరొక యంత్రాన్ని నిర్మించవచ్చు. సాగుతుందంటే ఇది చిక్కుకొంటుంది, చిక్కుకొంటుందంటే సాగుతుంది. దీని విషయంలో పరీక్షక యంత్రం ఏమి చెప్పినా అసత్యమే అవుతుంది. కనుక అట్టి పరీక్షక యంత్రం ఉండజాలదు. హిల్బర్ట్ ప్రశ్నకు అమెరికాలో అలోంజో చర్చ్ కూడ అదే సంవత్సరంలో, వేరొక మార్గంలో ఇదే సమాధానం సాధించాడు. ట్యూరింగ్ ప్రిన్‌స్టన్ వెళ్లి, ఆయన పర్యవేక్షణలో 1938లో డాక్టరేటు పొందాడు.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో చేరాడు. జర్మన్ సేనలు ఎనిగ్మా యంత్రంతో తమ సందేశాలను గూఢలిపిలోకి మార్చేవి. పోలండు గణితవేత్తలు అంతకుముందు సాధించిన విజయాల ఆధారంగా, ఆ గుట్టు విప్పడానికి ట్యూరింగ్ ఒక విద్యుత్ యంత్రాన్ని రూపొందించాడు. గార్డన్ వెల్చ్‌మన్ దానిని మరింత శక్తిమంతం చేశాడు. అది ఎనిగ్మా అమరికలను వరుసగా పరీక్షిస్తూ, పొసగనివాటిని త్రోసిపుచ్చుతూ, పొసగే అవకాశమున్నచోట ఆగేది. ఆ యంత్రం విషయంలో ఆగడమే శుభవార్త. జర్మన్ నౌకాదళ సందేశాల ఛేదనకు కూడ ఆయనే నాయకత్వం వహించాడు. ఈ సేవ దశాబ్దాలపాటు లోకానికి తెలియకుండా మరుగుననే ఉండిపోయింది.

యుద్ధానంతరం జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఏస్ అనే కంప్యూటరుకు ఆయన నమూనా రచించాడు. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1949 జూన్‌లో కేంబ్రిడ్జిలో జరిగిన సదస్సులో ఒక చిన్న పత్రం సమర్పించాడు. అన్ని ప్రోగ్రాములకూ వర్తించే పద్ధతి లేదని నిరూపించిన ఆయనే, ఒకానొక ప్రోగ్రాము తప్పక ముగుస్తుందని ఎట్లు నిరూపించాలో అందులో చూపాడు. ప్రతి అడుగులోనూ తరుగుతూ పోయే ఒక పరిమాణాన్ని గుర్తించాలి. ప్రమిదలో చమురు క్షణక్షణమూ తరుగుతుంటే దీపం ఎప్పుడో ఒకప్పుడు కొండెక్కక తప్పదు కదా! అసాధ్యమని తేలినచోట చేతులు ముడుచుకొని కూర్చోక, సాధ్యమైనంత మేర వెదకడం ఆయన స్వభావం.

1950లో యంత్రాల మేధను గురించి ప్రసిద్ధ వ్యాసం రచించాడు. 1951లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఆనాటి బ్రిటిష్ చట్టం పురుషుల మధ్య స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించేది. తన ఇంట జరిగిన దొంగతనాన్ని పోలీసులకు తెలిపినప్పుడు ఆయనకు అట్టి సంబంధమున్నదని బయటపడింది. 1952లో న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ణయించింది. చెరసాలకు బదులు హార్మోను చికిత్సకు ఆయన అంగీకరించవలసి వచ్చింది. ప్రభుత్వ రహస్య కార్యాలలో పాల్గొనే అర్హతను కూడ కోల్పోయాడు. 1954 జూన్ 7న సయనైడు విషం వల్ల మరణించాడు. అది ఆత్మహత్య అని విచారణాధికారి తేల్చాడు. అప్పటికి ఆయన వయస్సు నలుబది ఒక్క సంవత్సరాలు. 2009లో బ్రిటన్ ప్రధానమంత్రి గార్డన్ బ్రౌన్ ఆ అన్యాయానికి క్షమాపణ తెలిపాడు. 2013లో రాణి క్షమాభిక్ష లభించింది. ఆయన మరణించి అప్పటికి అరువది ఏండ్లు కావస్తున్నది.

ట్యూరింగ్ గీసిన హద్దును నేటి ఇంజనీర్లు నిత్యం ఎదుర్కొంటున్నారు. ప్రాసెసర్ల కాలాన్ని అన్ని పనులకూ పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టం మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. సామాన్య ప్రోగ్రాము చిక్కుకొంటే కెర్నెల్ దానినుండి ప్రాసెసరును విడిపించి మరొక పనికి అప్పగిస్తుంది. కెర్నెల్ ఆదేశాలలోనే ప్రాసెసరు చిక్కుకొంటే కంచే చేను మేసినట్లవుతుంది. అందుకే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ కెర్నెల్‌లో వాచ్‌డాగ్ అనే కావలి ఏర్పాటు ఉన్నది. సాధారణ అమరికలో ప్రతి ప్రాసెసరుపైనా నాలుగేసి సెకన్లకొకసారి గడియారపు పిలుపు వస్తుంది. ఆ పిలుపుతో ఒక చిన్న పని మేల్కొని తనవంతు కాలాన్ని నమోదు చేయాలి. ఇరవై సెకన్లు గడచినా దానికి వంతు రాకపోతే సాఫ్ట్ లాకప్ అని హెచ్చరిక వెలువడుతుంది. పది సెకన్లపాటు గడియారపు పిలుపునే ప్రాసెసరు అందుకోకపోతే అది హార్డ్ లాకప్. ప్రాసెసరు త్రోసిపుచ్చ వీలులేని ప్రత్యేక సంకేతం ద్వారా గాని, పక్క ప్రాసెసరు ద్వారా గాని దీనిని కనిపెడతారు.

ఈ కావలి ప్రాసెసరు ఎప్పటికైనా చిక్కు విడిపించుకొంటుందా అని విచారించదు. ఆ ప్రశ్నకు అన్ని సందర్భాలలోనూ సమాధానం దొరకదని ట్యూరింగ్ చూపాడు కదా! గడువులోగా ఆనవాలు కనిపించినదా అని మాత్రమే అది చూస్తుంది. దీర్ఘమైన పని చేస్తున్న ప్రాసెసరును సైతం అది పొరపాటున శంకించవచ్చు. కనుకనే సాఫ్ట్ లాకప్ విషయంలో సాధారణంగా హెచ్చరికను నమోదు చేసి ఊరుకొంటుంది. తుది నిర్ణయం మనిషికి విడిచిపెడుతుంది.

అమెరికాలోని కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ట్యూరింగ్ పేరిట 1966 నుండి పురస్కారం అందజేస్తున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి దానిని అందుకొన్నాడు. ఛత్రపురం అధికారి కుమారుని పేరు ఆ విధంగా ఒక తెలుగువాని కీర్తితో ముడివడింది. యంత్రానికి అసాధ్యమైనది ఏదో నిరూపించి, సాధ్యమైనదానికి బాట వేసిన ట్యూరింగ్ జీవితం జ్ఞానాన్వేషకులకు ఆదర్శప్రాయం. అట్టి మేధావిని ఆయన సమకాలీన సమాజం కాపాడుకోలేకపోవడం ప్రతి తరమూ గుర్తుంచుకోవలసిన విషాదం.