పాల్ బెర్

పాల్ బెర్ 1833వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి ఓసేర్ పట్టణమున జన్మించెను. తొలుత న్యాయశాస్త్రము నభ్యసించెను. కాని మనస్సు ప్రకృతిశాస్త్రములవైపు మరలుటచే క్లాడ్ బెర్నార్డ్ పండితునకు శిష్యుడై, 1869లో పారిసునందలి సోర్బాన్‌లో ఆచార్యుడయ్యెను.

కోడిని నీట ముంచినచో కొలది నిమిషములలో మరణించును. బాతు అంతకంటె చాలసేపు జీవించును. దీనికి కారణమేమి? బాతు దేహమున రక్త మధికముగా నుండుటచే ప్రాణవాయువు ఎక్కువగా నిలువయుండునని బెర్ తలచెను. మునిగినపుడు దాని గుండె నెమ్మదిగా కొట్టుకొనుటయు గమనించెను. అప్పుడు రక్తము ముఖ్యముగా గుండెకును మెదడునకును ప్రవహించి వానిని కాపాడునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఉన్నతప్రదేశములందు మనుష్యుని బాధించునది ప్రాణవాయువు కొఱతయే యని బెర్ నిరూపింపదలచెను. 1874లో తానే ఇనుపగదిలో కూర్చుండి, ఎవరెస్టు శిఖరముపై నుండునంతగా గాలి పీడనమును తగ్గింపించెను. వేగముగా కొట్టుకొనుచున్న నాడి, ప్రాణవాయువును పీల్చగనే నెమ్మదించెను.

1875లో మువ్వురు సాహసికులు జెనిత్ అను బెలూనులో ఎగురబూనిరి. వారు కొనిపోవు ప్రాణవాయువు చాలదని బెర్ హెచ్చరించుచు ఉత్తరము వ్రాసెను. అది సకాలమున చేరలేదు. సుమారు ఎనిమిదివేల మీటర్ల ఎత్తున వారి చేతులు స్వాధీనము తప్పెను. ప్రాణవాయువు చెంతనేయున్నను అందుకొనజాలక క్రోసె-స్పినెల్లీ, సివెల్ మరణించిరి. టిస్సాండియే ఒక్కడే బ్రతికెను.

బెర్ తన పరిశోధనలను 1878లో గ్రంథముగా ప్రకటించెను. 1881లో ఫ్రాన్సునకు విద్యామంత్రియై, 1886లో హనోయి నగరమున కాలధర్మము నొందెను. నేడు విమానచోదకులును పర్వతారోహకులును ప్రాణవాయువును వెంటగొనిపోవుటకు ఆయన కృషియే పునాది.