రెల్లుగడ్డిని లెక్కపెట్టిన జానకి అమ్మాళ్

వానలు వెనకబట్టి దసరా దగ్గరపడేసరికి మన ద్వారకలో ఖాళీ ప్లాట్లలోనూ, నజఫ్‌గఢ్ నాలా గట్టు పొడుగునా తెల్లటి కుచ్చులు లేస్తాయి. స్కూలు బస్సు కిటికీలోంచి మీరంతా చూసే ఉంటారు. ఇక్కడివాళ్ళు దాన్ని కాఁస్ అంటారు. గోదావరి లంకల్లో మన తాతలు దాన్నే రెల్లు అన్నారు, కోసి పాకలకు కప్పుకున్నారు. చూడటానికి పనికిమాలిన గడ్డిలా ఉంటుంది గానీ అది చెరకుకు దగ్గరి చుట్టం. దేశంలో మూలమూలలా పెరిగే ఈ గడ్డి పుట్టిల్లు ఎక్కడ? ఈ ప్రశ్నకు మైక్రోస్కోపు కింద జవాబు వెతికిన ఆమె పేరు ఎడవలెత్ కక్కట్ జానకి అమ్మాళ్. ఈ సంచికలో ఆమె జీవితం గురించి చెప్పాలనుకున్నాం. ఆమె తెలుగువారు కాదు, మలయాళీ. అయినా మన పత్రికలో ఆమెకు చోటు ఎందుకంటే, మీ ఇంట్లో అమ్మో నాన్నో బదిలీ ఉత్తర్వు చేత్తో పట్టుకొని వచ్చినట్టే ఆమె కూడా జీవితమంతా పెట్టెలు సర్దుకుంటూనే గడిపారు.

జానకి 1897 నవంబరు 4న ఉత్తర కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. అది అప్పటి మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలున్న రాష్ట్రంలోనే ఉండేది. తండ్రి దివాన్ బహదూర్ ఇ. కె. కృష్ణన్ సబ్ జడ్జి. కోర్టు పని ముగించుకొని తోటలోకి వెళ్ళేవారు, మొక్కలూ పక్షులూ ఆయన సరదా. ఇంటినిండా పిల్లలు, మొత్తం పంతొమ్మిది మంది! జానకి పదో సంతానం. అక్కలకు పెళ్ళిళ్ళయినట్టే ఆమెకూ సంబంధం చూశారు. ఆమె చదువు కావాలన్నారు. తలశ్శేరి నుంచి మద్రాసుకు వెళ్ళి క్వీన్ మేరీస్ కాలేజీలో, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1921లో వృక్షశాస్త్రంలో ఆనర్స్ పట్టా తీసుకున్నారు. విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెబుతుండగా అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి బార్బర్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఆసియా దేశాల అమ్మాయిల కోసం పెట్టినది అది. 1924లో ఓడ ఎక్కారు. మాస్టర్స్ చేసి తిరిగివచ్చి కొన్నాళ్ళు మళ్ళీ మద్రాసులో పనిచేసి, మళ్ళీ మిషిగన్ వెళ్ళి 1931లో డాక్టరేటు అందుకున్నారు. వృక్షశాస్త్రంలో అమెరికా డాక్టరేటు పొందిన తొలి భారతీయ మహిళగా ఆమెను చెప్పుకుంటారు.

ఇక ఆమె పని ఏమిటో చూద్దాం. ఇది అర్థం కాకపోతే మిగతా కథంతా ఊళ్ళ పేర్ల జాబితాగా మిగిలిపోతుంది.

ప్రతి జీవకణంలోనూ క్రోమోజోములు ఉంటాయని మీరు సైన్సులో చదివే ఉంటారు. మొక్కలో కణాలు జోరుగా విభజన చెందే చోటు వేరు కొన. ఆ కొనను చిన్న ముక్క కోసి, ఆల్కహాలూ ఆమ్లమూ కలిపిన ద్రవంలో వేసి కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టేస్తారు. తర్వాత మెత్తబరచి, రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి, పైన పల్చటి గాజుబిళ్ళ వేసి బొటనవేలితో నొక్కుతారు. మైక్రోస్కోపులో చూస్తే ముదురు రంగు పుల్లముక్కలు చెదిరినట్టు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టాలి. ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి ఒక్క కణంతో సరిపోదు. ఎన్నో కణాలు చూసి, బొమ్మలు గీసి, మళ్ళీ లెక్కపెడితే గానీ ఒక అంకె తేలదు. ఎంత కష్టమో తెలియాలంటే ఒక్క సంగతి చాలు: మనిషి కణంలో 48 క్రోమోజోములున్నాయని ప్రపంచమంతా చాలాకాలం నమ్మింది. 46 అని తేలింది 1956లో!

లెక్కపెడితే ఏమొస్తుంది? మనకు తెలిసిన మొక్కతోనే చెబుతాం. ఊళ్ళో దొడ్డి గోడ పక్కన మొలిచే కామంచి మొక్క మీలో కొందరికి తెలుసు. ఢిల్లీలో మకోయ్ అంటారు. బుల్లి బుల్లి గుండ్రటి పండ్లు. పచ్చికాయలు మాత్రం నోట పెట్టకండి, విషం. పాత పుస్తకాల్లో వీటన్నింటినీ ఒకే పేరు కింద వేసేవారు. లెక్కపెట్టి చూస్తే కొన్నింటిలో 24, కొన్నింటిలో 48, మరికొన్నింటిలో 72 వచ్చాయి. ఎరుపు, నారింజ రంగుల్లో పండేవాటికి 48. నల్లగా పండేవాటిలో 24వీ ఉన్నాయి, 72వీ ఉన్నాయి. అంటే పండు రంగు చూసి ఒకటే అనుకున్న నల్ల కామంచి నిజానికి ఒకటి కాదు. 24 ఉన్నదానికీ 72 ఉన్నదానికీ సంకరం చేస్తే సంతానం సరిగా విత్తనం పట్టదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖకు చెందిన జె. వెంకటేశ్వర్లు గారు, ఎం. కృష్ణారావు గారు ఈ కామంచి గుంపునే పట్టుకొని, ఏది దేనితో కలుస్తుందో, ఏది కలవదో పరీక్షించి 1970ల మొదట్లో ప్రచురించారు. రూపం చెప్పలేని చుట్టరికాన్ని ఇలా అంకె చెబుతుంది. అలాగని అంకె ఒక్కటే చాలదు, ఆకూ పువ్వూ కూడా చూడాల్సిందే.

అమెరికా నుంచి తిరిగివచ్చిన జానకి తిరువనంతపురంలో రెండేళ్ళు ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. తూర్పు దీవుల నుంచి వచ్చిన లావుపాటి తియ్యటి చెరకు ఉత్తర భారతపు చలికీ తెగుళ్ళకూ నిలిచేది కాదు. అందుకని బార్బర్, టి. ఎస్. వెంకటరామన్ అంతకుముందే ఆ చెరకును మన మొండి రెల్లుతో సంకరం చేశారు. అలా వచ్చినదే కో 205 అనే రకం. రెల్లు మొండితనం, చెరకు తీపి ఒకే గడలోకి వచ్చాయి. అయితే ఆ గడ లోపల ఏం జరిగిందో చూడాలంటే క్రోమోజోములు తెలిసినవాళ్ళు కావాలి. ఆ పని జానకిది.

తియ్యటి చెరకులో 80 క్రోమోజోములు. రెల్లులో? ఒక చోట తెచ్చినదానిలో ఒక సంఖ్య, ఇంకో చోట తెచ్చినదానిలో మరొకటి. 40 నుంచి 128 దాకా ఉంటాయని ఇప్పుడు లెక్క తేలింది. చూపుకు అదే గడ్డి, అదే తెల్లకుచ్చు! ఏ ప్రాంతపు రెల్లు ఏమిటో పోల్చి చూసి, ఈ గడ్డి పుట్టినిల్లు భారతదేశమేనని ఆమె నిర్ణయించారు. చెరకును మొక్కజొన్నతోనూ, జొన్నతోనూ, దర్భ జాతి గడ్డితోనూ కలిపి చూశారు. 20 క్రోమోజోముల మొక్కజొన్నకూ చెరకుకూ సంకరం కుదిరిందంటే లోకం ఆశ్చర్యపోయింది. 1935లో, భారత విజ్ఞాన అకాడమీ ఏర్పడిన తొలి రోజుల్లోనే, ఆమెను ఫెలోగా తీసుకున్నారు. కానీ ప్రయోగశాలలో రోజులు అంత సాఫీగా లేవు. పెళ్ళి చేసుకోని ఆడమనిషి, ఆనాటి సంఘం తక్కువగా చూసిన తీయ్య కులంలో పుట్టిన మనిషి. తోటివారి చిన్నచూపు ఆమెకు తప్పలేదు.

1939 ఆగస్టులో జన్యుశాస్త్ర మహాసభకు ఎడింబరో వెళ్ళారు. రోజుల్లోనే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆమె అక్కడే ఉండిపోయి, లండన్ శివారు మెర్టన్‌లోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో ఉద్యోగంలో చేరారు. రాత్రి బాంబులు పడుతుంటే మంచం కింద దూరి, తెల్లారాక గాజుపెంకులు దులుపుకొని మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చునేవారని ఆమె వాళ్ళు చెప్పుకునేవారు. మన దేశం నుంచి చీర మడతల్లో దాచి ఒక ఉడుతను ఓడలో తీసుకెళ్ళారని, దాని పేరు కపోక్ అని ఇంకో కథ. ఇది మేము తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు మిగతా పాఠం మరిచిపోయి ఉడుత దగ్గరే ఆగిపోతారు. సరే, ముందుకు వెళ్దాం.

అక్కడ సి. డి. డార్లింగ్టన్‌తో కలిసి ప్రపంచంలో మనుషులు సాగుచేసే మొక్కల క్రోమోజోముల సంఖ్యలన్నీ ఒక చోట చేర్చి 1945లో అట్లాస్ ప్రచురించారు. అప్పుడు గూగుల్ లేదు, ఫోటోకాపీ యంత్రం కూడా లేదు. ఏ దేశంలో ఎవరు ఏ మొక్కను లెక్కపెట్టినా ఆ కాగితం వెతికి పట్టుకోవాలి.

తర్వాత విస్లీలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటకు మారారు. ఆ సంస్థ జీతమిచ్చి నియమించుకున్న తొలి మహిళా శాస్త్రవేత్త ఆమే. హిమాలయాల్లో బురాన్ష్ పూలు చూశారా, ఎర్రగా గుత్తులు గుత్తులుగా? ఉత్తరాఖండ్ విహారయాత్రకు వెళ్ళినవారికి గుర్తుండాలి. ఆ రోడోడెండ్రాన్ ప్రజాతిలో జాతులు వందలకొద్దీ. వర్గీకరించేవారికి అదొక తలనొప్పి. జానకి, ఆమె సహచరులు లెక్కపెట్టి చూస్తే ఆకుల మీద సన్నటి పొలుసులు లేని జాతుల్లో దాదాపు అన్నింటిలోనూ 26 వచ్చింది. దానికి రెట్టింపులూ, ఇంకా ఎక్కువ రెట్లూ పొలుసులున్న గుంపులోనే కనిపించాయి. పొలుసును బట్టి చేసిన విభజనకు అంకెల సాక్ష్యం దొరికింది. విస్లీలోనే ఆమె మాగ్నోలియా మొలకలకు కాల్చిసిన్ పట్టించారు. మన అడవుల్లోని అగ్నిశిఖ దుంపలో కూడా ఉండే పదార్థమిది, క్రోమోజోములను రెట్టింపు చేస్తుంది. అలా పెంచిన చెట్లు ఆ తోటలో పూశాయి, ఒక రకానికి ఆమె పేరే పెట్టారు.

అంత హాయిగా ఉన్న చోటు వదిలి ఎవరైనా వస్తారా? ఆమె వచ్చారు. నెహ్రూ పిలుపు మీద 1951లో తిరిగివచ్చి, 1952లో భారత వృక్ష సర్వేక్షణ సంస్థను చక్కదిద్దే ప్రత్యేకాధికారిగా చేరారు. మన మొక్కల నమూనాలు ఎన్నో బ్రిటన్‌లోని క్యూ తోటలో ఉన్నాయి. ఇక్కడి మొక్కను ఇక్కడివాళ్ళే వెతికి, గుర్తించి, ఇక్కడే భద్రపరచాలన్నది ఆమె పట్టుదల. కానీ సంస్థ పగ్గాలు ఆమెకు ఇవ్వలేదు. ముఖ్య వృక్షశాస్త్రజ్ఞుడిగా 1954లో హెచ్. శాంతాపౌ వచ్చారు. ఆమె నొచ్చుకున్నారు. మా దృష్టిలో అది న్యాయమైన బాధే. అయినా పని మానలేదు. కలకత్తా, అలహాబాదు, జమ్మూ, ముంబయి దగ్గరి ట్రాంబే, ఎక్కడికి పంపితే అక్కడ మొక్కలు సేకరించారు. అలహాబాదులోని కేంద్ర వృక్ష ప్రయోగశాలకు మొదటి అధిపతి ఆమే.

ఆ రోజుల్లో ఒకసారి షిల్లాంగ్ నుంచి 37 మైళ్ళు ప్రయాణం చేసి ఒక చెట్టు కోసం వెళ్ళారు. ఆ ప్రాంతంలో మిగిలిన ఒకే ఒక్క మాగ్నోలియా గ్రిఫితి చెట్టు. వెళ్ళేసరికి అది తగలబడిపోయి ఉంది. లెక్కపెట్టడానికి వేరు కొన కూడా మిగలలేదు. 1955లో ప్రిన్స్‌టన్‌లో, మనిషి భూమి రూపాన్ని ఎలా మారుస్తున్నాడన్న విషయం మీద పెద్ద సదస్సు జరిగితే అందులో పాల్గొన్న ఏకైక మహిళ ఆమే. అప్పటికే ఆమె చూపు ఒక్కో కణం నుంచి మొత్తం అడవి వైపు మళ్ళింది.

1970లో మద్రాసు చేరారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి మదురవాయల్‌లో ఉన్న క్షేత్ర ప్రయోగశాలే ఇల్లు, ఆఫీసు రెండూ. 1977లో పద్మశ్రీ వచ్చింది. పాలక్కాడ్ జిల్లా సైలెంట్ వ్యాలీలో కుంతిపుళ నది మీద ఆనకట్ట కట్టి విద్యుత్తు తీయాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు ఎనభై దాటిన ఆమె ఎదురు నిలిచారు. ప్రభుత్వంలో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి ప్రభుత్వ పథకానికే అడ్డు చెప్పడం ఆ తరంలో చిన్న విషయం కాదు. ఆమె ఎంచుకున్న పని మళ్ళీ పాతదే: ఆ అడవి చెట్ల క్రోమోజోములు మునిగిపోకముందే లెక్కపెట్టించాలని పూనుకున్నారు. 1983లో పథకాన్ని విరమించారు. 1984 ఫిబ్రవరి 7న మదురవాయల్‌లో, పనిలో ఉండగానే ఆమె కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో ఆ లోయ జాతీయ ఉద్యానవనమైంది.

వర్గీకరణ శాస్త్రంలో పనిచేసేవారికి కేంద్ర పర్యావరణ శాఖ 1999 నుంచి ఆమె పేరిట జాతీయ పురస్కారం పెట్టింది. జమ్మూలో ఆమె పనిచేసిన ప్రయోగశాలలోని ఎండుమొక్కల భాండాగారానికీ ఆమె పేరే. మీలో ఎవరి ఇంట్లోనైనా ఈసారి జమ్మూకు ఉత్తర్వు వస్తే, ముందుగా అడిగి అనుమతి తీసుకొని వెళ్ళి చూసి రండి.