మాదన్న మంత్రి: బందరు వర్తకపు తగవు

గరికపాటివద్ద పాలేటిని దాటు హైదరాబాదు బాట నేడు రెండు రాష్ట్రముల సరిహద్దు. పదునేడవ శతాబ్దమున ఈ సీమ యంతయు గోలకొండ సుల్తానుల యేలుబడిలోనిది. రాజధాని సరకులు ఈ మెరకనేల మీదుగనే బందరు రేవునకు దిగుచుండెను. నందిగామ చేరువ పరిటాలలో వజ్రపుగనులు, ఉత్తరమున నాగులవంచలో డచ్చి కంపెనీవారి కోఠీ యుండెను. 1686లో ఆ కంపెనీ గోలకొండపై ఆయుధ మెత్తెను. ఆ కలహమునకు మూలము రేవున గాక కోటలోపల వెదుకవలెను. అందులకు మాదన్న చరిత్రమే దారి.

హనుమకొండ బ్రాహ్మణకుటుంబమున బుట్టిన మాదన్న లెక్కల నేర్పుచే సయ్యద్ ముజఫర్ కొలువున పైకి వచ్చెను. 1672లో తానాషాను గద్దె నెక్కించిన ప్రభువులలో ముజఫర్ ముఖ్యుడు. రెండేండ్లు తిరుగకముందే ఆ యజమాని తొలగెను, సేవకుడు మంత్రి యయ్యెను! సోదరుడగు అక్కన్నయు అధికారమున పాలు పంచుకొనెను. రామదాసుగా మన మెఱిగిన కంచెర్ల గోపన్న వీరి మేనల్లుడే యని ప్రతీతి.

మొగలులకు కప్పము కట్టవలెను. 1677లో హైదరాబాదునకు వచ్చిన శివాజీతో చేసికొన్న ఒడంబడికకును ధనము కావలెను. వసూళ్లపై మాదన్న పట్టు బిగించెను. పాతప్రభువులకు రాబడి తగ్గెను, పగ పెరిగెను. మాదన్నను కేవలము ధర్మమూర్తిగా చిత్రించుట మనవారి కలవాటు. ఆయన మొదట ఖజానా మనిషి యని నా తలంపు.

1685లో షా ఆలము సేనలు హైదరాబాదును దోచెను. సంధికి మొగలులు విధించిన షరతులలో ఈ సోదరుల తొలగింపు ఒకటి. తానాషా జాగు చేసెను. 1686 మార్చిలో అంతఃపుర స్త్రీల ప్రేరణమున, కొందఱు ప్రభువుల సమ్మతితో, సోదరుల నిద్దఱను గోలకొండ వీథిలో నఱికిరి. మాదన్న తలను మొగలులకు పంపిరి.

ఆ యేడే డచ్చివారు సర్కారు తమకు బాకీపడినదని బందరు పట్టణమును ఆక్రమించిరి. ఋణము పాతదే. కాని లెక్క లెఱిగి బేరమాడగల మంత్రి లేడు, రేవును కాపాడు బలగము కోటకు చిక్కుకొని యుండెను. తగవునకు కంపెనీ ఎంచుకొన్న తరుణమది. చంపించినవారికైన మేలు ఏమియు కనబడదు. 1687 సెప్టెంబరులో గోలకొండ పడెను, తానాషా దౌలతాబాదు చెఱకు పోయెను. కంపెనీ కొలువున ఈ తీరమున పనిచేసిన హావర్టు 1693లో తన గ్రంథము నచ్చు వేయించెను. కోరమాండలు అభ్యుదయ పతనములని దాని పేరు.